జడకోపులో మా బావ సేసిన తప్పు

మా బావ గురించి సెప్పమంటే ముందు నాకు ఒళ్ళు మండతాది, తర్వాత నవ్వొస్తాది, ఆ తర్వాతే మాటలొస్తాయి. బావంటే నన్ను కట్టుకున్నోడే, మా మేనత్త కొడుకు, తిరుమలరావు. శృంగవరపుకోట బస్టాండు ఎదర సందులో జెరాక్సు కొట్టు ఒకటున్నాది, అది మాదే. పేరుకి జెరాక్సు గానీ మా బావ అక్కడ కంప్యూటరు ముందు కూకుని ఎరువుల కొట్లకీ జీడిపప్పు బట్టీలకీ బిల్లులు కొట్టే ప్రోగ్రాములు రాసిస్తాడు. విజయనగరంలో డిగ్రీ సదివి, విశాఖపట్నంలో ఓ కంపెనీలో కొన్నాళ్ళు పని సేసినాడు. ఏసీ పడక, జలుబు సేసి ఇంటికొచ్చీసినానని అందరికీ సెప్తాడు. ఏ జలుబూ నేదు. ఊళ్ళో కోలాటం సూడకండా ఉండనేక వొచ్చీసినాడు.

మాది శృంగవరపుకోటకి దగ్గరూరే. కోతలయిపోతే సాయంత్రాలు మాకు ఇంకో పనుండదు, కర్రలట్టుకుని రామకోవెల ముందుకి పోతాం. ఆడా మగా అందరం కలిసే ఆడతాం. పెళ్ళయి ఈ ఊరొచ్చిన ఏడాదే నన్ను వరసలో నిలబెట్టీసినారు. అలాంటి ఊళ్ళో పుట్టి కర్ర పట్టకండా మిగిలిపోయిన మగోడు ఒక్కడే. ఆ ఒక్కడూ నాకే దొరకాలేటి?

సిన్నప్పుడు పట్టినాడంట, అత్త సెప్పినాది. మా కోలాటానికి గురువు నరసింగరావు. ఆయన మడి దున్నుకునే మనిషే గానీ మెడలో ఈల పడిందంటే ఊరంతా ఆయన మాట మీద నడవాల్సిందే. కోలాటంలో ఒక్కో ఆటనీ ఒక్కో కోపంటాం. ఎన్ని కోపులున్నాయో అన్నీ ఆయన బుర్రలోనే. మా బావ కర్ర పట్టిన కొత్తల్లోనే, పక్కోడి కర్రకి కొట్టాల్సిన దెబ్బ పక్కోడి నుదుటి మీద కొట్టీసినాడు. ఒకసారైతే సిన్నపిల్లోడని వదిలీసేవోరు. మర్నాడు ఇంకో నుదురు. గురువు కర్రలు లాక్కుని, "ఒరే తిరుమలా, నీకు తాళం తెలుసు, కోపు తెలుసు, కాళ్ళు మాత్రం నీ మాట ఇనవు. నువ్వు అరుగు మీద కూకుని సూడు" అన్నాడంట. మా బావ కూకున్నాడు. అలగ కూకున్నోడు పెళ్ళయి పిల్లలు పుట్టినా లెగనేదు.

సూడ్డవంటే ఊరికే సూడ్డం కాదు. ఎవులు ఎక్కడ తిరిగినారు, ఎవులు ఎవుల్ని దాటినారు, అన్నీ కావాలి. ఆట అయిపోయి ఇంటికొచ్చి నడుం వాల్చబోతే, "ఈశ్వరీ, రెండో దరువులో నీ ఎడంకాలు ఎప్పుడు లెగిసినాది?" అంటాడు. నాకేటి తెలుసు? లెగిసినప్పుడు లెగుస్తాది. అలగంటే ఒప్పుకోడు. పొయ్యి మీద సారు మరుగుతంటే నా సేతికి రెండు గరిటెలిచ్చి వంటింట్లోనే ఆడించీవోడు. నేల మీద సింతపిక్కలు పేర్చి, ఇది నువ్వు, ఇవి నీ వరసలో ఆడీ సుహాసినీ సిన్నతల్లి పిన్నీ అని జరిపీవోడు. ఓపాలి సారు పొంగి పొయ్యి ఆరిపోనాది. ఆ గరిటెలే ఎత్తినాను. మా అత్త అడ్డం రాపోతే ఏటయ్యీదో.

కొన్నాళ్ళకి సింతపిక్కలు పోయి కంప్యూటర్లోకి సుక్కలొచ్చినాయి. ఓ రోజు కొట్టుకి కేరేజీ పట్టుకెల్తే బిల్లుల పని పక్కనెట్టీసి అదే సేస్తన్నాడు. తెర మీద ఎర్ర సుక్కలూ పసుపు సుక్కలూ గుండ్రంగా తిరగతన్నాయి.

"ఇదేటి బావా?"

"మన కోలాటమే. ఎర్రవి మగోళ్ళు, పసుపువి ఆడోళ్ళు. ఇదిగో, ఇది నువ్వు."

"నానా? అంత లావుగున్నానేటి?"

"అన్ని సుక్కలూ ఒకటే సైజు, ఈశ్వరీ."

"మరి సుహాసినిది సన్నగా అవుపడతాదేటి?"

 మర్నాడు సూస్తే నా సుక్క కొంచెం తగ్గించి పెట్టున్నాడు. అలాంటి మనిషి మరి, కోపం ఎంతసేపని ఉంటాది.

దాని పేరు కోపురాత. ఎలగంటే, ఆటలో మనిషికో వరస గీస్తాడు. ఆ వరసలో దెబ్బకో గడి. ఆ గడిలో గుర్తు పెట్టాలి, కుడి కర్ర, ఎడం కర్ర, లోపలికి, బయటికి, తిరుగు, ఆగు అని. అన్నీ పెట్టి మీట నొక్కితే సుక్కలు ఆ కోపంతా ఆడతాయి. నిదానంగా ఆడమంటే నిదానంగా ఆడతాయి, ఒక్క మనిషినే సూపించమంటే ఆ మనిషినే సూపిస్తాది. ఇదంతా ఎవులికోసమంటే సెప్పడు. నాకు తెలుసు గానీ నానూ అడగనేదు. గురువుకి మోకాళ్ళు పోనాయి. ముందులాగ తనే అడుగేసి సూపించనేకపోతన్నాడు, కుర్సీలో కూకుని అరుస్తన్నాడు. ఆయన అరుపు పాతోళ్ళకి అర్థమవుతాది, కొత్తగా వొచ్చిన కోడళ్ళు బెంగెట్టుకుని మానీస్తన్నారు. ఇలగైతే ఆ కోపులన్నీ ఏటయిపోతాయో అని మా బావ దిగులు.

ఓ రోజు గురువు ఆధారు కార్డు జెరాక్సు తీయించుకుందామని కొట్టుకొచ్చి, తెర సూసి నిలబడిపోనాడు. ఆ పూట నానూ అక్కడే ఉన్నాను. ఆయన ఓ కోపు అయ్యీదాకా సూసి, "నాలుగో సుక్క తప్పు" అన్నాడు. మా బావ సూసుకుంటే నిజవే. దాంతో కుర్సీ ఏయించుకుని కూకున్నాడు.

"ఈల్లకి కాళ్ళేవిరా?"

"సుక్కలు గురువుగారూ, కాళ్ళుండవు."

"కాళ్ళు నేకండా కోలాటవేటిరా. పెట్టు."

కాళ్ళు పెట్టడానికి మా బావకి పండగల దాకా పట్టినాది. పెట్టినాక సుక్కలు బొమ్మలయినాయి, పంచెలూ సీరలూ వొచ్చినాయి. అప్పుడు గురువుకి జడకోపు, అంటే రాటకి కట్టిన తాళ్ళు జడలాగ అల్లి మళ్ళీ ఇప్పీ ఆట, సూపించినాడు. ఎనక్కి నడిపించే మీట కూడా ఒకటి పెట్టున్నాడు, అది నొక్కినాడు. బొమ్మలన్నీ ఈపులు ముందుకెట్టుకుని ఎనక్కి ఎనక్కి నడుచుకుంటా పోనాయి. నడిచింది బొమ్మలయినా గురువుకి మొకం ఎర్రబడిపోనాది.

"మనుషులు అలగ నడుస్తారేటిరా? జడ ఇప్పాలంటే ముందు మొకం తిప్పాల, అప్పుడు నడవాల. అమ్మోరి ముందర ఆడీ ఆట, మర్యాదుండక్కర్నేదేటి?"

మా బావ బొమ్మలకి మర్యాద నేర్పించినాడు. దాంతో గురువు దారిలో పడిపోనాడు. పొద్దుగూకితే సాలు, "తిరుమల రానేదేటే?" అని మా గుమ్మం ముందు కర్ర టకటకలాడించీవోడు. ఆయన సెప్పడం, ఈయన రాయడం, ఆయన తిట్టడం, ఈయన సెరపడం. రాసిన కోపు మా అందరి ఫోన్లకీ పంపించీవోడు. కొత్త కోడళ్ళు ఇళ్ళలో అంట్లు తోముకుంటానే సూసి నేర్చీసుకుని, వరసలోకి సిగ్గు పడకండా వొచ్చీసినారు. గురువు అరవడం తగ్గినాది. ఆయనకి బీపీ కూడా తగ్గిందని ఆయన పెళ్ళాం మా ఇంటికి అరటిపళ్ళు పంపించినాది.

ఇదంతా బాగానే ఉన్నాది గానీ మా బావ మనసులో ఇంకోటున్నాది. గురువు నవ్వుతానే అన్నా సరే, "రాసినోడు ఆడనేడు, ఆడినోడు రాయనేడు" అన్నప్పుడల్లా ఈయన మొకం వాడిపోయీది. ఓ రోజు అన్నం కలుపుకుంటా, "ఒక్కపాలి నా సేత్తో తాడు పట్టుకోవాలుందే ఈశ్వరీ. ఎప్పుడూ పైనుంచి సూడ్డవే" అన్నాడు. నాను కూర గిన్నె ఆయన పక్కకి జరిపినాను. ఎంత ఎక్కిరించినా నా మొగుడు, ఆయనకి తక్కువైతే నాకు తక్కువ కాదేటి.

ఇప్పుడు జడకోపు గురించి సెప్పాల. మా అమ్మోరి పండగకి రామకోవెల ముందు పెద్ద రాట పాతుతాం. రాట కొసన పదహారు తాళ్ళు కడతాం. అవి ఉత్త తాళ్ళు కావు, ఆడీవోళ్ళ ఇళ్ళలోంచి ఇంటికో సీర తెచ్చి మెలేసి తాడు సేస్తాం. మగోళ్ళు పట్టుకునీవి ఎర్ర సీరలు, ఆడోళ్ళవి పసుపు సీరలు. మగోళ్ళు ఇటు, ఆడోళ్ళు అటు తిరగతా, ఎదరొచ్చినోళ్ళని ఒకల్ని లోపల్నుంచి దాటి, ఇంకొకల్ని బయట్నుంచి దాటి ఆడతంటే, పైన రాట మీద జడ అల్లుకుంటా దిగొస్తాది. ఎరుపూ పసుపూ పక్కపక్కన పడి సాప లాగుంటాది. సివరకొచ్చినాక మొకాలు తిప్పుకుని, ఏసిన అడుగులన్నీ మళ్ళీ ఎనకనుంచి ఏసుకుంటా జడ ఇప్పీయాల. అల్లిన కాళ్ళే ఇప్పాల. ఎవులూ సేత్తో ముట్టుకోకూడదు. దీపాలేలకి జడ ఇప్పుకోపోతే మాత్రం తాళ్ళు కోసీయాల. ఎవుల సీర తెగితే ఆ ఇంటికి ఆ ఏడు మంచిది కాదని మా ఊళ్ళో పట్టింపు. గురువు తండ్రి కాలంలో ఓపాలి అలగ కోసినారంట. ఆ మాటెత్తితే ఇప్పటికీ ముసిలోళ్ళు లెగిసి ఎల్లిపోతారు.

మొన్న పండగకి మురళీమోహన్ రానేకపోనాడు. మగోళ్ళ వరసలో మంచి ఆటగాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు పన్ల కాడ టిప్పరు తోల్తాడు, సెలవు దొరకనేదని పొద్దున్నే ఫోను సేసినాడు. జడకోపులో అటెంతమందో ఇటూ అంతమందే ఉండాల, ఒకలు తగ్గితే తాడు ఏలాడిపోతాది. ఆ కోపు తెలిసిన మగోడు ఊళ్ళో ఇంకెవుడూ నేడు. గురువు అరుగు మీద కూకుని తల పట్టుకున్నాడు. మా బావ ఎదరకెల్లి నిలబడ్డాడు.

"నాను పట్టుకుంటాను గురువుగారూ."

గురువు సానాసేపు మా బావ కాళ్ళకేసే సూసినాడు. "ఒరే, తప్పితే సీరలు కోయాల. పదహారిళ్ళు నిన్ను తిడతాయి."

"ప్రతి అడుగూ రాసినోణ్ణి. తప్పను."

"రాసినోడివే" అన్నాడు గురువు. అని ఊరుకోనేదు, నాకేసి తిరిగి, "నువ్వేటంటావే?" అన్నాడు.  వొద్దనాలని నోటి సివరిదాకా వొచ్చినాది. మా బావ నాకేసి సూడనేదు, రాటకేసే సూస్తన్నాడు. "పట్టుకోనీండి" అనీసినాను.

పొద్దు పడమటికి తిరిగినాక డప్పులు మొదలెట్టినారు. గురువు కుర్సీలో కూకుని ఈలేసినాడు. నాను తాడు పట్టుకుని తిరగతన్నాను గానీ నా పేణవంతా మా బావ కాళ్ళ మీదే. ఎదరొచ్చినప్పుడల్లా సూస్తన్నాను. నిజం సెప్పాలంటే బాగానే ఆడినాడు. పెదాలు కదుపుకుంటా, లోపలికి, బయటికి అని తనలో తనే సదువుకుంటా తిరగతన్నాడు. కొంచెం బిర్రుగా ఉన్నాడు, ఒంటికి ఒంపు నేదు, గానీ అడుగు తప్పనేదు. సుహాసిని నా ముందు తిరగతా, "పర్వానేదే మీ ఆయన" అనీసి పోనాది. నాకు నవ్వాగనేదు. అలగ జడ కిందదాకా అల్లీసినాం. సూడొచ్చినోళ్ళు సప్పట్లు కొట్టినారు.

గురువు మళ్ళీ ఈలేసినాడు. మొకాలు తిప్పుకుని ఇప్పడం మొదలెట్టినాం. రెండడుగులు ఏసినామో నేదో, తాళ్ళు వదులవ్వాల్సింది బిగుసుకున్నాయి. నా సేతిలో తాడు గుంజీసినాది. గురువు పెద్దగా ఈలేసి అందర్నీ ఉన్నోళ్ళని ఉన్నట్టు ఆపీసినాడు. ఆ రెండడుగులూ ఎనక్కి తీయించి, తాళ్ళు సేతిలోనే ఉంచుకుని నిలబడమన్నాడు. డప్పులోళ్ళు కూడా ఆపీసినారు.

ఎవులు తప్పినారో ఎవులూ అడగనేదు. అందరూ మా బావకేసే సూసినారు. సుహాసినికి నోరు ఊరుకోదు కదా, "ఆడనోణ్ణి తెచ్చి ఎడితే ఇంతే మరి. మా అత్త పెళ్ళినాటి సీర అక్కడున్నాది" అనీసినాది. ఎవులో ముసిలోడు కత్తి సంగతి ఎత్తినాడు కూడా.  మా బావ మొకం సూడనేకపోనాను. ఎందుకు పట్టుకోనీమన్నానా అని నన్ను నానే తిట్టుకున్నాను.

మా బావ తాడు పట్టుకునే గురువుకి సెప్పినాడు. "తప్పు నాదే అయ్యుంటాది. ఎక్కడ తప్పినానో నాకు తెలీదు. తప్పు ఒక్కటే, గానీ దాని కింద అల్లినదంతా ఆ తప్పు మీదే అల్లినాం. ఎక్కడో తెలిస్తే ఇప్పొచ్చు. నా లేప్టాపు తెప్పించండి."

"పొద్దు కుంకతాదిరా" అన్నాడు గురువు.

"జడ ఇక్కడే ఉన్నాది కదండీ. జడనే అడుగుదాం."

మా అత్త పరిగెట్టుకెల్లి లేప్టాపు తెచ్చి, మా బావ తాడు తను పట్టుకున్నాది. మా బావ రాట మొదట్లో సతికిలబడి కూకున్నాడు. కోపురాతలో జడకోపు రాసినప్పుడు, పక్కన జడ కూడా అదే గీస్తాది, ఏ రంగు పక్కన ఏ రంగు పడతాదో. మా బావ అనీదేటంటే, తప్పడుగు ఏదో ఒకచోట పెట్టి సూద్దాం, అప్పుడొచ్చిన జడా ఈ రాట మీద జడా ఒకలాగే ఉంటే అదే తప్పు. నిచ్చెనేసి ఎవులో ఒకలు ఎక్కి రంగులు సదవాల. సుహాసిని తాడు దాని మొగుడికిచ్చి కొంగు దోపుకుని నిచ్చెనెక్కీసినాది. నోరు మంచిది కాదు గానీ కళ్ళు మంచివి దానికి.

"ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. ఆగండాగండి. ఇక్కడ ఎరుపు పక్కన ఎరుపున్నాది. దాని కింద కొంచెం ఏటవాలుగా పోతన్నాది."

మా బావ ఓచోట గుర్తు మార్చి మీట నొక్కీవోడు. తెర మీద బొమ్మలు గబగబా తిరిగి జడల్లీసీవి. గురువు కుర్సీ దగ్గరకి జరుపుకుని తెరకేసి ఓపాలి, రాటకేసి ఓపాలి సూసి, "కాదు. ఎరుపు ఇంకా పైన పడాల" అనీవోడు. మళ్ళీ మార్చీవోడు. "కాదు." మళ్ళీ. మిగిలినోళ్ళం తాళ్ళట్టుకుని నిలబడే ఉన్నాం. సేతులు పీకతన్నాయి. కొండ మీద పొద్దు ఎర్రబడతన్నాది. సిన్నతల్లి పిన్ని అమ్మోరికి మొక్కులు మొక్కుతన్నాది, ముందు కోడన్నాది, తర్వాత మేకన్నాది.

"ఇదే" అన్నాడు గురువు.

తెర మీద జడా, రాట మీద జడా ఒక్కలాగే ఉన్నాయి. మా బావ ఆ అడుగు దగ్గరికెల్లి నిదానంగా ఆడించినాడు. బొమ్మలన్నీ తిరగతంటే ఓ ఎర్రబొమ్మ ఒక్కటి ఆగిపోనాది. ఎదరొస్తన్న పసుపుబొమ్మలు రెండూ దాని బయట్నుంచే దాటీసినాయి. ఆ రెండూ సుహాసినీ, సిన్నతల్లి పిన్నీ. ఎదర మనిషి నిలబడిపోతే, ఎటు సందుంటే అటే పోతారు మరి.

"ఎందుకాగినావురా?" అన్నాడు గురువు. తిట్టడానికి అడిగినట్టు నేదు.

మా బావ తల దించుకున్నాడు. "జడ సూసినాను గురువుగారూ. ఇన్నాళ్ళూ కంప్యూటర్లో బొమ్మ జడే సూసినాను. నా సేతిలో తాడు ఆ జడలోకి ఎల్తంటే, నిజంది ఎలగుంటాదో అని తలెత్తినాను. అంతే."

 గురువు రాటకేసి సూసినాడు. "మా నాన్న అడుగులు సూసుకోమనీవోడు. నానూ మీకు అదే సెప్పినాను. తలెత్తితే తప్పుతారని" అన్నాడు. "కానీండి, పొద్దు కుంకిపోతాది" అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ఇప్పాలంటే ఇప్పుడు తప్పుతో సహా ఇప్పాల. మా బావ సెప్పినాడు. ఆగిన కాణ్ణుంచీ ఆయనకి లోపలా బయటా తారుమారయినాయి గనక, ఇప్పీటప్పుడు మొదట్నుంచీ ఆయన లోపలికి అనుకున్న సోట బయటికి, బయటికి అనుకున్న సోట లోపలికి ఏస్తాడు. రెండెరుపులు పక్కపక్కన పడిన సోటు వొచ్చినప్పుడు అందరం ఆగిపోవాల, సుహాసినీ సిన్నతల్లి పిన్నీ మాత్రం ఆయన బయట్నుంచే దాటాల. ఆ సోటు ఎప్పుడొస్తాదో ఎలగ తెలుస్తాదని నాను అడిగినాను. "జడకేసి సూస్తా ఉండాల ఈశ్వరీ, ఇంకో దారి నేదు" అన్నాడు.

మా అత్త దగ్గర తాడు తీసుకున్నాడు. డప్పు మెల్లిగా కొట్టమన్నాడు గురువు. అడుగేసినాం. తాడు వదులయినాది. ఇంకో అడుగు, ఇంకొంచెం వదులయినాది.  అప్పుడు తలెత్తినాను. అందరం తలెత్తినాం.

ఏటి సెప్పాల నాను. పెళ్ళయి వొచ్చిన ఏడాది నుంచీ ఈ జడ అల్లుతన్నాను, ఏటేటా అల్లుతన్నాను, అల్లుతా ఉండగా ఒక్కపాలి కూడా సూడనేదు. ఎప్పుడూ ఎదరోళ్ళ కాళ్ళూ, నా కాళ్ళూ, ఇంతే. ఇప్పుడు సూస్తే నా పసుపు తాడు నా సేతిలోంచి పైకెల్లి, సిన్నతల్లి పిన్ని తాడు కిందనుంచి తిరిగి, మా బావ ఎర్ర తాడు మీదనుంచి దాటి, ఒక్కో మెలికా ఇప్పుకుంటా వస్తన్నాది. ఎండ దాని మీద పడతన్నాది. నాను ఏసిన అడుగుకి పైన ఏటవుతాదో నా కళ్ళతో సూస్తన్నాను. నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగిపోనాయి. సిగ్గేటి, అందరికీ అదే పరిస్థితి. సుహాసిని నోరు తెరుచుకుని సూస్తన్నాది.

రెండెరుపుల సోటు కిందకొచ్చినాది. ఎవులూ సెప్పనక్కర్నేకండా అందరం ఆగిపోనాం. మా బావ ఆగిన సోటే మళ్ళీ ఆగినాడు, తలెత్తే. సుహాసినీ పిన్నీ బయట్నుంచి దాటీసినారు. ఆ రెండెరుపులూ ఇడిపోనాయి. అక్కణ్ణుంచి మాకు అలవాటైన అడుగే గనక గబగబా ఆడీసినాం. అమ్మోరి ముందు దీపం పెట్టీ ఏళకి పదహారు తాళ్ళూ రాట సుట్టూ విడివిడిగా ఏలాడతన్నాయి. ఒక్క సీర తెగనేదు. సూడొచ్చినోళ్ళకి ఇదంతా ఆటలో ఉన్నదే అనిపించిందేటో, ముందుకన్నా పెద్దగా సప్పట్లు కొట్టినారు. సిన్నతల్లి పిన్ని మేకని మళ్ళీ కోడి కిందకి దింపడానికి అమ్మోరితో బేరాలాడతన్నాది.

నాను మా బావ దగ్గరికెల్లి గట్టిగా నాలుగు తిడదావనుకున్నాను. తీరా ఎల్లి సెయ్యట్టుకుని నిలబడ్డాను. 

గురువు కర్ర పోటేసుకుంటా వొచ్చి మా ముందు నిలబడ్డాడు. మా బావ దణ్ణం పెట్టినాడు. "తప్పయిపోనాది గురువుగారూ. ఆ అడుగు తీసీసి, మామూలుగా ఉన్నదే ఉంచుతాను."

"తీసీయకు" అన్నాడు గురువు. "వచ్చే పండగకి అందరూ అక్కడ ఆగాల. ఆగి తలెత్తి సూడాల. తాడు నువ్వే పట్టుకో, మురళీమోహన్‌కి ఇంకోటి కడదాం, ఆడోళ్ళ వరసలో కూడా ఒకల్ని పెంచుదాం. ముందు అది బేగి రాయి, నాను మర్చిపోకండా."

"ఏటని రాయనండీ, నా తప్పనా?"

"తప్పని రాయకురా. కోపని రాయి."

మా బావ అక్కడే రాట మొదట్లో కూకుని లేప్టాపు తెరిచినాడు. గురువు పక్కనే నేల మీద కూకున్నాడు, మోకాళ్ళు నొప్పన్న సంగతి కూడా మర్చిపోయి.